చాచా ముందుగదిలో సముద్రం

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా గోడ అవతలి చాచా చనిపోయారు. ఫజర్ నమాజ్ చేసుకుని వచ్చి, చాయ్ అడిగి, అది వచ్చేలోపే కుర్చీలో వాలిపోయారట. అమ్మ వచ్చి చెప్పేసరికి నేను ఆయన చేపల తొట్టి లెక్కల పుస్తకంలో ఆ రోజు తేదీ వేస్తున్నాను. నీటి వేడి ఎంత, ఉప్పు ఎంత అని రోజూ రాసే పుస్తకం అది. తేదీ పక్కన ఆ రోజు ఏమీ రాయలేదు.

ఇలా రాయడం నాకు కొత్త. కానీ జహీరాబాద్‌లో, సముద్రానికి ఇంత దూరాన, పని మానేసిన ఒక ఫ్రిజ్ మెకానిక్ తన ముందుగదిలో సముద్రాన్ని ఎలా పెట్టుకున్నారో మీకు చెప్పకుండా ఉండలేను.

మేం ఈ ఇంటికి వచ్చేసరికి నేను తొమ్మిదో తరగతి. వాళ్ల వరండాలో నాలుగు గాజు తొట్లు ఉండేవి. గప్పీలు, గోల్డ్ ఫిష్‌లు, ఏంజెల్ చేపలు. నల్లా నీళ్లు డ్రమ్ములో పట్టి, ఒక రోజు అలా వదిలేసి, ఆ తర్వాతే తొట్లో పోసేవారు. నేను పుస్తకం పట్టుకుని గోడ దగ్గర నిలబడి చూసేదాన్ని.

"ఏం బేటీ, నా చాపలకన్న తక్కువ మాట్లాడ్తవు. మీ కాన్వెంట్ల నోటికి తాళమేసి పంపిస్తరా?" అన్నారొకరోజు. నేను నవ్వాను. మర్నాటి నుంచి మేత వేసే పని నాకిచ్చారు. "చాప కడుపు దాని కన్నంతనే ఉంటది. చిటికెడు చాలు" అనేవారు. ఇప్పటికీ నేను దేనికైనా మేత వేస్తే ముందు దాని కన్ను చూస్తాను.

రెండేళ్ల కింద ఆయనకు హైదరాబాద్‌లో కంటి ఆపరేషన్ అయింది. తిరిగొచ్చిన రోజు ఇంట్లోకి కూడా పోకుండా, బ్యాగు భుజాన ఉండగానే గోడ దగ్గరికి వచ్చారు.

"బేటీ! కట్టు ఇప్పంగనే ఫస్టు ఏం చూసిన్నో తెలుసా? ఆ దవాఖానల ఉప్పునీళ్ల తొట్టి ఉన్నది. అండ్ల రాయి మీద పచ్చగడ్డి. గాలి లేకుంటనే ఊగుతున్నది. అది గడ్డి కాదట, జీవమట! మనం పెడ్దాం."

"మనం" అన్నారు. అప్పుడు నాకు డిగ్రీ అయిపోయి, ఇంట్లో ఏమీ తోచక ఉన్న రోజులు. "నువ్వు సదువు, నేను చేస్త" అని పని పంచేశారు. ఆ గడ్డి నిజానికి ఒక రకం మెత్తటి పగడం. నేను పగడాల గురించి దొరికిందల్లా చదివి తెలుగులో రాసిచ్చేదాన్ని. ఉప్పగా ఉండే మా బోరు నీళ్లు కూడా సముద్రానికి పనికిరావని తెలిసి ఆయన పగలబడి నవ్వారు. ఫిల్టర్ నీళ్లు పట్టి, అందులో ప్రత్యేకమైన ఉప్పు కలిపి, ఒక చుక్క చిన్న దుర్భిణిలాంటి పరికరం మీద వేసి వెలుతురుకేసి చూసేవాళ్లం. ఉప్పు ఎంతుందో లోపల గీతల మీద తెలుస్తుంది. సరిగ్గా గీత దగ్గరికి వచ్చిన రోజు ఆయన ఆ పరికరాన్ని వీధిలో పోయే పాలాయన కంటికి కూడా పెట్టారు.

తొట్లో ముందు రాళ్లే పెట్టాలి. నీటిని శుభ్రంగా ఉంచే కంటికి కనిపించని జీవాలు వాటిలో కాపురం పెట్టేదాకా, ఐదు వారాలు, ఇంకేమీ వేయకూడదు. చాచా ఆ రాళ్లను పళ్ల బ్రష్‌తో తోముతుంటే చాచీ గుమ్మంలో నిలబడి, "మనుమలకు తోమలే, కొడుకుకు తోమలే. ఇప్పుడు రాళ్లకు పండ్లు తోముతున్నడు" అనేది. ఆయన తలెత్తకుండా, "ఇవి లొల్లి చెయ్యయి" అనేవారు.

ఎండాకాలం దగ్గర పడింది. నీళ్లు వేడెక్కితే పగడం బతకదని చదివి చెప్పాను. ఆయన మీసం దువ్వారు. "చల్లగ చేసుడు నాకు నేర్పుతరా?" రాగి గొట్టాన్ని చేత్తోనే చుట్టలు చుట్టలుగా వంచి, పాత వాటర్ కూలర్ మెషీన్‌కు కలిపి, తొట్లో దించారు. సాయంత్రానికి నీళ్లు చల్లబడ్డాయి. కోహీర్ నుంచి వచ్చిన చుట్టాలు శభాష్ అన్నారు.

పగడానికి రాగి విషం. ఆ సంగతి నేను మూడు రోజుల ముందే చదివాను. ఆయన రాగి వంచుతుంటే పక్కనే నిలబడి చూశాను. ఆయనది నలభై ఏళ్ల పనితనం. చుట్టూ చుట్టాలు. నా నోరు తెరుచుకోలేదు. పగడం మర్నాడే బస్సులో వస్తోంది.

మర్నాడు పొద్దున్నే లెక్కల పుస్తకంలో, వీలైనంత చిన్న అక్షరాలతో, "రాగి పగడాన్ని చంపుతుంది. దయచేసి తీసేయండి" అని రాసి, తొట్టి మీద పెట్టి వచ్చేశాను.

కాసేపటికి గోడ అవతలి నుంచి పిలుపు. నీళ్లోడుతున్న రాగి చుట్ట చేతిలో పట్టుకుని ఉన్నారు.

"నీకెప్పటి సంది తెలుసు?"

"మూడు దినాలు, చాచా."

"మూడు దినాలు! మరి నోటితోని చెప్తే నేనేమన్న పులినా, మింగుతనా?"

ఆయన చుట్టను గోడ మీద పెట్టారు.

"నలబై ఏండ్లు దీనితోనే బతికిన. ఇదే దుష్మన్ అయితదని నాకేమెరుక? జర గట్టిగ చెప్పాలె బేటీ. ఆ జీవాలకైతే నోరు లేదు, నీకున్నది కద."

పగడం పంపే దుకాణానికి ఫోన్ చేసి దాన్ని ఆపించారు. నీళ్లన్నీ పారబోసి, రాళ్లు మార్చి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఇంకో ఐదు వారాలు. నీటిలో మలినం తేల్చే మందు వేస్తే పరీక్షగొట్టంలో ఆకుపచ్చగా వచ్చే నీళ్లు పసుపుకు తిరిగితే తొట్టి సిద్ధమైనట్టు. ఆ రోజు "పసుపైంది బేటీ! పసుపైంది!" అని ఆయన అరిచిన అరుపుకు మా అమ్మ పొయ్యి మీద పాలు మరిచిపోయింది.

చల్లదనానికి ఈసారి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టారు. గాలికి నీళ్లు ఆవిరవుతాయి. తగ్గినంత మేర ఉప్పునీళ్లు కలపాలేమోనని నేను పుస్తకాలు తిరగేస్తుంటే, "సముద్రం మీద పడే వాన ఉప్పగుంటదా?" అన్నారు. మంచినీళ్లే పోయాలి, ఉప్పు ఎక్కడికీ పోదు. ఆయన అది చదవలేదు, ఆలోచించారు.

పగడం వచ్చింది. అరచేయంత రాయి మీద ఊదారంగు తోలు, అంతే. నాలుగు రోజులు ముడుచుకునే ఉంది. ఐదో రోజు మధ్యాహ్నం ఊదా మీద ఒక పచ్చటి చుక్క లేచింది. తర్వాత ఇంకొకటి. తర్వాత లెక్కపెట్టలేకపోయాం. రాయంతా పచ్చికై ఊగింది. చాచా చప్పట్లు కొట్టబోయి, అది బెదురుతుందేమోనని చేతులు గాల్లోనే ఆపేశారు. ఏదో దెప్పుదామని వచ్చిన చాచీ గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నాకైతే గంతులేయాలనిపించింది. వేశాను కూడా, ఇంటికి పోయాక, తలుపేసుకుని.

ఆయన పోయాక రెండు రోజులు నేను ఆ ఇంట్లోకి వెళ్లలేకపోయాను. నిండా జనం. మూడో రోజు మంచినీళ్ల క్యాన్ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాను. తొట్లో నీళ్లు నాలుగు వేళ్లు దిగిపోయి, మోటారు గుర్రుగుర్రుమంటోంది. బీదర్‌లో ఉండే వాళ్లబ్బాయి, చాచా ఫోన్ అందుకుని, దుకాణం వాళ్లతో మాట్లాడుతున్నాడు. చాచా పోకముందు చెప్పిపెట్టిన రొయ్య దుకాణానికి వచ్చిందట.

"అబ్బా లేరు భాయ్. రొయ్య వద్దు. మీరే వచ్చి తొట్టి తీస్కపోండ్రి. ఎవలు చూస్తరు దీన్ని?"

"నేను చూస్త" అన్నాను.

గదిలో అందరూ ఇటు తిరిగారు. నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది మాట.

"నేను చూస్త, భయ్యా. రోజూ వస్త. తొట్టి ఇయ్యకుండ్రి."

అతను లోపలి గదివైపు చూశాడు. తెర వెనక నుంచి చాచీ గొంతు వినిపించింది. "ఆ రొయ్య కూర వండేదా?"

"కాదు చాచీ. చాపల ఒళ్లు శుభ్రం చేసేది."

తెర కొంచెం కదిలింది. "అయితే పంపమను."

రొయ్య శనివారం బస్సులో వచ్చింది. ఎర్రటి వీపు మీద తెల్లటి గీత, ఒంటికంటే పొడవైన తెల్ల మీసాలు. సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా మా నీటిని అలవాటు చేసి దించాను. ఒక్క ఉదుటున రాళ్ల సందులోకి దూరింది.

వాళ్ల ఆచారం ప్రకారం భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు చాచీ గడప దాటదు. నిన్న నేను వెళ్లేసరికి తొట్టి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. ముంజేతి దాకా చేయి నీళ్లలో ఉంది. పండక్కి పెట్టుకున్న గోరింటాకు గోళ్ల చివర మాత్రం మిగిలింది. రొయ్య రాళ్లలోంచి మెల్లగా వచ్చి, మీసాలతో ఒక వేలిని తడిమి, పైకెక్కి, గోరు చుట్టూ శుభ్రం చేయడం మొదలుపెట్టింది. చాచీ కదలలేదు. ఊపిరి కూడా ఆచితూచి తీస్తోంది.