కుడిచెవి బదులు ఒక అద్దం

నా సైకిల్‌కు అద్దం పెట్టించుకున్నది ముఖం చూసుకోవడానికి కాదు. ఈ మాట బాన్సువాడలో ఎంతమందికి చెప్పానో నాకే గుర్తు లేదు. చెప్పినప్పుడల్లా తలూపేవారు. మర్నాడు మళ్లీ వాళ్లే ఆ అద్దంలో పళ్లు చూసుకుంటూ కనిపించేవారు.

నేను ఒక ప్రైవేటు దవాఖానలో రక్త పరీక్షలు చేస్తాను. మా ఇల్లు ఊరి బయట, కాలువ అవతల. స్కూటీ నేర్చుకునే ధైర్యం ఎప్పుడూ రాలేదు కాబట్టి పెళ్లయినప్పటి నుంచీ సైకిలే. రెండేళ్ల కింద ఒక పొద్దున మా అక్క ఫోన్ చేస్తే ఎత్తి కుడిచెవికి పెట్టుకున్నాను. చడీచప్పుడూ లేదు. ఫోన్ పాడైందని మా ఆయనకిచ్చాను. ఆయన చెవికి పెట్టుకుని, "మంచిగనే ఇనబడ్తుంది గద" అన్నాడు. పాడైంది ఫోన్ కాదు. నిజామాబాద్‌లో చూపిస్తే నరం దెబ్బతిన్నదని, ఆ చెవి ఇక తిరిగి రాదని డాక్టర్ చెప్పేశాడు.

ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెవిటామె రక్తం తీస్తే రిపోర్టు తప్పు వస్తుందని ఒక్కరు అన్నా చాలు, నా పని పోతుందని భయం. ఎడమచెవితో నెట్టుకొచ్చాను. ఎవరైనా మాట్లాడుతుంటే మెల్లగా వాళ్లకు కుడివైపుకు జరిగేదాన్ని. దవాఖానలో అది సాగింది. రోడ్డు మీద సాగలేదు.

ఒక్క చెవే పనిచేస్తే ఏ చప్పుడైనా ఆ చెవి వైపు నుంచే వచ్చినట్టుంటుంది. నాకు లోకంలోని హారన్లన్నీ ఎడమవైపే మోగుతాయి. లారీ నా కుడి భుజం పక్కనుంచి దూసుకుపోతున్నా, అది ఎడమ పక్క పొలంలో ఉందనే అనిపిస్తుంది. అందుకే అద్దం కావాలనుకున్నాను.

బస్టాండు దగ్గరి సైకిల్ షాపు పెద్దాయన నా మాట విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అరే బేటీ, సైకిల్‌కు అద్దమేంది? అద్దాలు బండ్లకుంటయ్."

"నాకు గావాలె చాచా. కుడిదిక్కు."

ఎందుకని అడిగాడు. ఊరికే అన్నాను. పాత మోటార్ సైకిల్ అద్దం ఒకటి వెతికి, హ్యాండిల్‌కు పాత ట్యూబు ముక్క చుట్టి, దాని మీద పట్టీ బిగించి నిలబెట్టాడు. చూడటానికి మేకపిల్లకు ఎద్దు కొమ్ము అతికించినట్టుంది. కానీ వెనకాల రోడ్డంతా కనిపించింది. ఆ రోజు ఇంటికి వెళ్తూ ఎన్నో నెలల తర్వాత భుజాలు వదులు చేసి తొక్కాను.

ఆ సుఖం నాలుగు రోజులు. దవాఖాన ముందు సైకిల్ పెడితే చాలు, దారిన పోయే ప్రతివాడికీ ఆ అద్దంతోనే పని. ఒకాయన మీసం చూసుకుంటాడు. ఒకామె బొట్టు సరిచేసుకుంటుంది. అందరికంటే ఘోరం మా దవాఖాన మందుల షాపు కుర్రవాడు. పాతికేళ్లుంటాయి, తల నిండా జుట్టు. రోజూ దువ్వెన తెచ్చుకుని, అద్దాన్ని తన ఎత్తుకు తిప్పుకుని, తీరిగ్గా దువ్వుకునేవాడు.

"తిప్పకు తమ్మీ అంటే ఇనవేంది?"

"అద్దం అరిగిపోతదా అక్కా? అయినా సైకిల్‌కు అద్దం పెట్టుకున్నదే మీరు, షోకు ఎవరిదంటరు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ సాయంత్రం అద్దం సరిచేసుకోవడం నా వల్ల అయ్యేది కాదు. సీటు మీద కూర్చుని తిప్పితే సైకిల్ ఒరుగుతుంది. దిగి తిప్పితే, మళ్లీ ఎక్కాక ఆకాశం కనిపిస్తుంది.

ఇంట్లో ఈ గోడు వెళ్లబోసుకుంటే మా ఆయన సానుభూతి వస్తువుల రూపంలో వచ్చేది. ఫోన్‌లో చూసి తెప్పించేవాడు. మొదట హెల్మెట్ వచ్చింది. అది పెట్టుకుంటే పట్టీల దగ్గర గాలి హోరుకు, ఉన్న ఒక్క చెవీ మూసుకుపోయినట్టయింది. తర్వాత మెరిసే పట్టీల నారింజ రంగు జాకెట్. అది వేసుకుని వెళ్తే, రోడ్డు పని ఎప్పుడు అయిపోతుందని ఒకాయన నన్ను ఆపి అడిగాడు. ఆ తర్వాత వెనక మినుకుమినుకుమనే ఎర్రలైటు. చివరికి హారన్.

"గీ హారన్ ఎవరికి?" అన్నాను. "ఇనబడనిది నాకా, ఊరోళ్లకా?"

"నువ్వు కొడ్తే వాళ్లే పక్కకు జరుగుతరు గదా" అన్నాడు, ఎంతో ఆలోచించినవాడిలా.

వరికోతల రోజులవి. ఒక సాయంత్రం బయల్దేరేసరికి అద్దంలో నా ముఖమే కనిపిస్తోంది. అప్పటికే ఆలస్యమైంది. పోతూ సరిచేసుకుందామని తొక్కేశాను. కాలువ రోడ్డెక్కాక పెద్ద హారన్ మోగింది. ఎడమవైపే మోగింది, ఎప్పటిలాగే. అలా వినబడుతుందని తెలుసు, అయినా ఒళ్లు ఆగలేదు. చప్పుడుకు దూరంగా జరుగుదామని కుడివైపుకు తిప్పాను. తిప్పగానే నా పక్కన మనిషంత ఎత్తు చక్రం.

అది వరికోత మిషన్. డ్రైవర్ ఎలా ఆపాడో ఇప్పటికీ తెలియదు. నేను సైకిల్‌తో సహా కంకర మీద పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. డ్రైవర్ సరిహద్దులోని మద్నూర్ వైపు మనిషి కావచ్చు, మాటలో మరాఠీ యాస ఉంది. పైనుంచి దూకి వచ్చాడు.

"ఏందమ్మా నువ్వు! అంతగనం హారన్ కొడ్తుంటే మీదికే వస్తున్నవ్! చెవులు ఇనబడ్తలేవా?"

"ఇనబడ్తలేదు!" అని అరిచాను. "కుడిచెవి పోయింది. రెండేండ్లాయె. ఏంజెయ్యమంటవ్?"

మొదటిసారి పైకి అన్న మాట అది. అన్నాక ఏడుపొచ్చింది. నొప్పికి కాదు, కోపానికి. అతను సైకిల్ లేపి, అద్దం చూసి, నన్ను సీటు మీద కూర్చోమన్నాడు. వెనక్కి పది అడుగులు నడిచి రోడ్డు మీద నిలబడ్డాడు.

"కనబడ్తున్ననా?"

"లేదు."

వచ్చి కొంచెం తిప్పి, మళ్లీ వెళ్లి నిలబడ్డాడు. "ఇప్పుడు?"

"సగం."

మూడోసారికి పూర్తిగా కనిపించాడు. అతని వెనక ఆగిన బండ్లన్నీ హారన్లు కొడుతున్నా పట్టించుకోలేదు. నా బండి ముందు పోయేవరకు తన మిషన్ కదపనన్నాడు.

మర్నాడు కుంటుతూ దవాఖానకు వెళ్లాను. నర్సక్క నా మోకాలికి కట్టు కడుతుంటే మందుల షాపు తమ్ముడు తొంగిచూశాడు.

"ఏమైందక్కా, అద్దంల ముఖం చూసుకుంట పడ్డరా?"

రోగులందరి ముందూ లేచి నిలబడ్డాను. "అది అద్దం కాదు, నా చెవి! నాకు కుడిచెవి లేదు. నువ్వు రోజూ తలదువ్వుకునేది నా చెవిల!"

అతను జేబులోని దువ్వెనను లోపలికి నొక్కుకున్నాడు. నర్సక్క కట్టు సగంలో వదిలేసి నా వైపు చూసింది. "గందుకేనా! నేను పిలిస్తే పలకవని ఇన్ని రోజులు నీ మీద కోపం పెట్టుకున్న" అంది. పెద్ద డాక్టర్‌కు కూడా తెలిసింది. ఆయన, "రిపోర్టులు రాసేది చేతులతోనే గదా" అని తన గదిలోకి వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటతో పోయే భయాన్ని రెండేళ్లు మోశాను.

కష్టాలు తీరాయనుకుంటే పొరపాటు. ఇప్పుడు అందరూ నాతో అరిచి మాట్లాడతారు. మందుల షాపు తమ్ముడైతే పశ్చాత్తాపంతో 'ఎవరూ ముట్టొద్దు' అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అద్దం మీదే అతికించాడు. దాన్ని గీకి తీయడానికి ఒక పూట పట్టింది. సైకిల్ షాపు చాచా అద్దం కదలకుండా ఇంకో పట్టీ బిగించాడు గానీ, ముందే ఎందుకు చెప్పలేదని గంటసేపు తిట్టాడు.

పోయిన వారం ఒక అవ్వ షుగర్ పరీక్షకు వచ్చింది. నేను వేలు పట్టుకోగానే దగ్గరికి వంగింది.

"బిడ్డా, నీకు ఒక చెవి ఇనబడదంట గద. నాకు గూడ ఎడమది పోయి శానా రోజులాయె. ఇంట్ల జెప్తే అందరు నెత్తిమీదికెక్కి అరుస్తరని చెప్పలే. నీకొక్కదానికే చెప్తున్న, ఎవ్వలకు చెప్పకు."

ఆ మాట ఆమె ఎంత గట్టిగా అందంటే, బయట వరుసలో కూర్చున్న ఆమె కోడలు లేచి లోపలికొచ్చింది.