ఫార్మల్ నైట్‌కి మామయ్య పంచె

ఓడ మీద నా ఉద్యోగం ఏమిటని ఊళ్ళో ఎవరైనా అడిగితే హోటల్ పని అని చెప్పి ఊరుకుంటాను. అసలు సంగతి చెబితే నవ్వుతారు. సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా పెద్ద డైనింగ్ హాలు తలుపు దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళు ఏం తొడుక్కొచ్చారో చూడటం నా పని. బాగుంటే నమస్కారం పెట్టి లోపలికి పంపుతాను. బాగోకపోతే ముఖాన నవ్వు చెరగనివ్వకుండా, వాళ్ళకి కోపం రాకుండా వెనక్కి పంపుతాను. చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, ఈ రెండో పని అందరికీ చేతకాదు. నాకు చేతనయింది.

నేను వెయిటరుగా చేరిన కొత్తలో వారం రోజుల ప్రయాణంలో రెండు రాత్రులు ఫార్మల్ నైట్ ఉండేది. ఆ రెండు రాత్రులూ మగవాళ్ళకి నల్ల కోటు, మెడకి బో. ఆడవాళ్ళకి నేల మీద జీరాడే గౌన్లు. గౌను అంచు తొక్కకుండా సూప్ గిన్నెలు మోయడం నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. తర్వాత రెండు రాత్రులు ఒకటయ్యాయి. బో పోయి టై వచ్చింది. టై కూడా అక్కర్లేదు, కోటుంటే చాలన్నారు. మామూలు రాత్రుల సంగతి సరేసరి, జీన్స్ వద్దన్నవాళ్ళే చిరుగులు లేని జీన్స్ పర్లేదన్నారు. విమానంలో పెట్టె బరువు చూసుకుని ప్రయాణమయ్యే జనం, ఒక్క పూట కోసం సూటు మోసుకు రామన్నారట. ఏడాదికోసారి మాకు బట్టల రూళ్ళు రాసిన కొత్త కాగితం ఇచ్చేవాళ్ళు. నేను తలుపు దగ్గరి పనికి వచ్చేసరికి ఆ కాగితం మీద సగం కొట్టివేతలే.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. డబ్బున్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, నలుగురూ కూర్చుని తినే చోటికి ఒక పూట శుభ్రంగా తయారై రావడానికి ఇంత ఏడుపెందుకని లోపల సణుక్కునేవాణ్ణి. అలా అనుకోవడానికి కారణం మా పేట.

మాది వినుకొండకి ఇవతల, మిరపా పత్తీ పండే ఊరు. మా వాళ్ళకి పొలాల్లేవు, కూలి పని. మా అమ్మ తమ్ముడు మిరపకోతలకి మేస్త్రీ. తెల్లవారగానే నలభైమంది ఆడవాళ్ళని ఆటోల్లో ఎక్కించి చేలకి తీసుకెళ్ళేవాడు. ఆయన కూతుర్నే నేను చేసుకున్నాను కాబట్టి మేనమామే మామగారయ్యాడు. కోతల రోజుల్లో మా ఆడవాళ్ళు చీర మీద మొగుళ్ళ పాత పొడుగుచేతుల చొక్కాలు తొడుక్కుని, తలకీ మూతికీ గుడ్డ చుట్టుకుని ఉంటారు. మామయ్యది వెలిసిపోయిన లుంగీ, చిల్లుల బనీను. పగలంతా అంతే. సాయంత్రం వచ్చి అందరూ చన్నీళ్ళే పోసుకుంటారు, వేన్నీళ్ళు తగిలితే కారం ఒళ్ళంతా భగ్గుమంటుంది. ఆ తర్వాత చర్చి గంట కొడతారు. ప్రార్థనకి పని బట్టలతో వచ్చినవాళ్ళని నేను ఒక్కర్ని కూడా చూళ్ళేదు. ఎంత అలిసినా, చేతులు ఎంత మండుతున్నా, ఉతికిన బట్టలే. ఎవరూ రాసిపెట్టలేదు గానీ మా పేటకీ సాయంత్రం బట్టల రూలు ఉంది.

మామయ్య సంఘపెద్ద. ఆయన పంచెకి గంజి పెట్టడం, ఇస్త్రీ చేయడం అత్తయ్యని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. కుచ్చిళ్ళు సర్దుకుని అంచు మడమలకి తగిలిందో లేదో వంగి చూసుకునేవాడు. చిన్నప్పుడు ఒకసారి, ఎందుకంత సేపని అడిగాను.

"మా నాయన ఊళ్ళో పెద్ద బజారున పోయేటప్పుడు పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని పోయాడురా. కిందికి దించితే కొట్టేవాళ్ళు. నా పంచె మాత్రం మడమల దాకా ఉండాల" అన్నాడు.

మామయ్య నాయనంటే మా అమ్మ నాయనే, నాకు తాత. ఆ మాట నాకు తెలియక కాదు, మర్చిపోయీ కాదు. ఇది ముందే చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత నేను చేసిన పనికి సాకు దొరుకుతుంది.

నేను తలుపు దగ్గరి పనికి వచ్చాక ఒక ఏడు మా ఓడ చెన్నై నుంచి శ్రీలంక వెళ్ళొచ్చే అయిదు రోజుల ట్రిప్పులు తిరుగుతోంది. ఉద్యోగుల ఇంటివాళ్ళకి తగ్గింపు ఉంటే నా భార్యకీ, మామయ్యకీ టికెట్లు తీశాను. అత్తయ్య రానంది, నీళ్ళంటే ఆమెకి భయం. "ఒక రాత్రి పెద్ద డిన్నరు ఉంటుంది, మంచి బట్టలు తెచ్చుకోండి" అని ఫోన్లో చెప్పాను. అంతకంటే వివరంగా చెప్పాలని తోచలేదు. మామయ్య చెన్నై రేవులో ఓడని కింది నుంచి పైదాకా చూసి "ఇదేందిరా, గుంటూరు మిర్చి యార్డుని తీసుకొచ్చి నీళ్ళలో పెట్టారు" అన్నాడు. రెండు రోజులు ఓడంతా తిరిగాడు. ఇంతమందికి కూరలు ఎవరు తరుగుతారు, వాళ్ళ మేస్త్రీ ఎవరు, పొద్దున ఎన్నింటికి పనిలోకి దిగుతారు, ఇవీ ఆయన ప్రశ్నలు. మా వంటవాళ్ళలో సగంమందికి ఆయన దోస్తయిపోయాడు.

మూడో రోజు ఫార్మల్ నైట్. నేను నల్లకోటు వేసుకుని తలుపు దగ్గర ఉన్నాను. మా పనిలో కళ్ళు ముందు కాళ్ళ మీదికి పోతాయి. బూట్లు, పాంటు, కోటు, చివర్న ముఖం. అలా చూస్తుంటే బూట్ల వరసలో ఒక తెల్ల అంచు కనిపించింది, దాని కింద తోలుచెప్పులు. తల ఎత్తితే మామయ్య. గంజి పంచె, తెల్లచొక్కా, భుజాన మడతపెట్టిన కండువా. తల నున్నగా దువ్వుకున్నాడు. పక్కన నా భార్య, పట్టుచీరలో. ఎట్టా ఉందిరా అన్నట్టు కళ్ళెగరేశాడు మామయ్య.

ఆయన వెనక పదిమంది నిలబడి ఉన్నారు. నేను దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి "మామయ్యా, ఇవాళ పాంటు వేసుకోవాలి. పంచెతో రానివ్వరు" అన్నాను.

"ఎవరు రానివ్వరు?" అన్నాడు. నిజంగానే అడిగాడు పాపం, అలాంటివాడు ఎవడైనా ఉంటే తనే మాట్లాడదామన్నట్టు.

"రూలు మామయ్యా."

నా భార్య నా ముఖంలోకి చూసింది. "మరి నేను చీరతో రావచ్చా బావా?"

"నువ్వు రావచ్చు. చీర పర్లేదు."

"చీర పర్లేదా" అంది. మామయ్య సర్లే అన్నట్టు తలూపి, వెనకవాళ్ళకి దారి ఇచ్చి, గోడ వారగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె ఆయన వెంటే వెళ్ళింది.

నా ఇంకో జత పాంటూ కోటూ వాళ్ళ గదికి పంపించాను. అరగంటకి ఇద్దరూ వచ్చారు. మామయ్య నాకంటే పొడుగు. పాంటు మడమలకి బెత్తెడు పైనే ఆగిపోయింది. అరవై ఏళ్ళు దాటిన మనిషి, జన్మలో మొదటిసారి పాంటు తొడుక్కుని, ఒక చేత్తో నడుం దగ్గర పట్టుకుని, నా ముందు నుంచి నడిచి వెళ్ళాడు. బల్ల దగ్గర తలెత్తకుండా కూర్చుని రెండు ముద్దలు తిన్నట్టు చేశాడు. ఆ తర్వాత కాసేపటికి స్కాట్లాండ్ ముసలాయన ఒకడు, వాళ్ళ దేశపు పద్ధతిలో మోకాళ్ళ దాకా గళ్ళ లంగా కట్టుకుని వచ్చాడు. నేను ఒంగి, మీ దుస్తులు చాలా బాగున్నాయి సార్ అని చెప్పి కిటికీ పక్క బల్ల దగ్గరికి స్వయంగా తీసుకెళ్ళాను. నాకు ఏమీ అనిపించలేదు.

మర్నాడు పొద్దున మీటింగు అయ్యాక మా మేనేజరు నన్ను ఆగమంది. ఫిలిప్పీన్స్ ఆవిడ, ఓడల్లో నాకంటే సీనియరు. "మీ మామగారు ఆ తెల్లబట్టలు ఎందుకు మార్చుకున్నారు? లిఫ్టు దగ్గర చూశాను. ఆ రాత్రికి ఆయనంత బాగా తయారైనవాళ్ళు ఓడలో లేరనుకున్నాను" అంది.

రూలు అన్నాను.

"రూల్లో జాతీయ దుస్తులు కూడా రావచ్చని ఉందిగా. నీకు కాగితం అంతా నోటికొచ్చు కదా?"

తల కొట్టేసినట్టయింది. నోటికే వచ్చు. మూడో లైను. అరబ్బుల తెల్ల అంగీలకీ, ఆఫ్రికావాళ్ళ రంగురంగుల టోపీలకీ, నిన్నటి గళ్ళ లంగాకీ ఆ లైనే చూపించి తలుపు తీశాను. చీరని కూడా ఆ లైను కిందే పంపించాను. పంచె దగ్గరికి వచ్చేసరికి గుర్తుకు రాలేదని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నేను సిగ్గుపడ్డాను. నల్లకోటు వేసుకున్న నన్ను, తోలుచెప్పుల మనిషి పేరు పెట్టి పిలుస్తాడని, పదిమందీ చూస్తారని సిగ్గుపడ్డాను. తాతని పంచె దించనివ్వని బజారులోనే మామయ్య మడమల దాకా దించి నడిచాడు. నేను ఆ పంచెని సముద్రం మధ్యలో విప్పించాను.

ఆ మధ్యాహ్నం డెక్ మీద నా భార్య కనిపించింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"నాన్న ఒక్క మాట అనలేదు బావా. పొద్దున్నే లేచి నీ పాంటు ఇస్త్రీకి ఇచ్చాడు, శుభ్రంగా తిరిగియ్యాలంట" అంది. మళ్ళీ తనే, "ఇన్నేళ్ళలో మా నాన్నని ఎవరూ ఎక్కడా ఆపలేదు. నువ్వాపావు" అంది.

చెన్నైలో దిగేటప్పుడు మామయ్యతో, రూలు సరిగ్గా చదవలేదు, పొరపాటయిందని చెప్పాను. క్షమాపణ కూడా అబద్ధం కలిపి చెప్పిన మనిషిని నేను. ఆయన నా భుజం తట్టి "పన్లో అట్టాంటివి జరుగుతాయిలే. నేనూ ఒకరి బదులు ఒకర్ని ఆటో దింపేశాను ఎన్నిసార్లో" అన్నాడు. ఇంకోసారి తీసుకొస్తాను, ఫార్మల్ నైట్ రోజే, అదే హాలుకి, పంచెతోనే అన్నాను. "చూద్దాంలే" అన్నాడు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మామయ్యని ఆపిన తలుపు దగ్గరే నేను నిలబడి ఉండాలి, ఆయన గంజి పంచెతో రావాలి, పదిమంది ముందు నేను ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాలి. అంతకంటే నాకు వేరే కోరిక లేకుండా పోయింది. మరుసటి ఏడు ఓడ వేరే సముద్రానికి పోయింది. ఆ పై ఏడు మామయ్యకి మోకాలి నొప్పి. ఆ తర్వాత చర్చి పైకప్పు పని ఆయన నెత్తినేసుకున్నాడు. నేను సెలవుకి వచ్చినప్పుడల్లా అడిగేవాణ్ణి, ఆయన చూద్దాంలే అనేవాడు.

ఈ ఏడు కొత్త కాగితం వచ్చింది. ఫార్మల్ నైట్ తీసేశారు. మీకు ఏది హాయిగా ఉంటే అది వేసుకు రండి అని ఒకే ఒక్క లైను. మావాళ్ళంతా సంబరపడ్డారు, తలుపు దగ్గర తగువులు తప్పాయని. ఆ మొదటి రాత్రే ఒకాయన ఈతకొలను నుంచి తడి జుట్టుతో, నిక్కరుతో, రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చాడు. ఒంగి నమస్కారం పెట్టి కిటికీ పక్క బల్ల చూపించాను. అదివరకైతే లోపల సణుక్కునేవాణ్ణి. ఆ రాత్రి నిక్కరు మీద కోపం రాలేదు గానీ ఏడుపొచ్చింది. ఆ తలుపు దగ్గర ఇక ఎవర్నీ ఆపేది లేదు.

సెలవుకి ఊరొచ్చేసరికి కోతలు ముమ్మరంగా ఉన్నాయి. మామయ్య మేస్త్రీ పని మానేసి, రైతు ఒకాయన కల్లంలో ఎండబోసిన కాయలకి కాపలా ఉంటున్నాడు. నేను వెళ్ళేసరికి పడమట మబ్బు కమ్మితే కాయల మీద టార్పాలిన్ పట్టాలు కప్పుతున్నాడు. అటు కొస పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. ఘాటుకి ఇద్దరం తుమ్ముతూనే మాట్లాడుకున్నాం.

"మా ఓడలో ఆ రూలు తీసేశారు మామయ్యా. ఈసారి పంచెతోనే రావచ్చు. టికెట్లు తీస్తాను."

"తీసేశారా? మరి జనం ఎట్టా వస్తన్నారు?"

"ఎట్టాగైనా. నిక్కర్లతో కూడా."

ఆయన నవ్వాడు. రాళ్ళు తెచ్చి పట్టా అంచుల మీద పెడుతున్నాడు. నేనిక ఆగలేకపోయాను.

"ఆ రోజు కూడా పంచెకి అడ్డం లేదు మామయ్యా. నాకు తెలుసు. నేనే సిగ్గుపడ్డాను."

"తెలుసురా" అన్నాడు, రాయి సర్దుతూనే. "గళ్ళ లంగా ఆయన మా పక్క బల్లేగా."

ఇన్నేళ్ళూ తెలిసే చూద్దాంలే అన్నాడన్నమాట. ఇంకో రాయి తెచ్చి అందిస్తూ "మరి వస్తావా?" అని అడిగాను.

మామయ్య నడుం నిటారు చేసుకుని, తుండుతో చేతులు తుడుచుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"ఇప్పుడు అందర్నీ రానిస్తన్నారుగా. ఇప్పుడు నేనొస్తే, నన్ను నువ్వు రానిచ్చినట్టు కాదుగా రా" అన్నాడు.