గుమ్మడికాయకు తల వంచినవాడు

మా పై వాటాలో దిగిన అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడి గురించి అలియాబాద్‌లో ఎవరిని అడిగినా కథలు చెబుతారు. అందులో సగం అబద్ధం. నిజమైన సగంలో నా ఊసు ఉండదు. అందుకే నేనే రాస్తున్నాను.

ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ మనిషి. ఆరు దేశాల్లో ఆడాడు, ఆరింటిలోనూ ఒక్క సీజన్‌కే పెట్టె సర్దించారు. ఏడోది మనది. శామీర్‌పేట్ దగ్గరి టీము అతన్ని నెల రోజులు చూస్తామంది. నెలాఖరు ఆదివారం మ్యాచ్‌లో నెగ్గుకొస్తే సీజనంతా ఉంచుతారు, లేదంటే విమానం ఎక్కిస్తారు. వయసు ముప్ఫై అయిదు, ఎనిమిదో దేశం ఇక పిలవదు. పొట్లాల కాగితాలు చదివి నేను సొంతంగా నేర్చుకున్న ఇంగ్లీషులో అడిగితే, ఇవన్నీ అతనే చెప్పాడు.

మేడమెట్లు మా ఇంటి లోపలినుంచే. గుమ్మం ముందు వసారాలో మా ఆవిడ కట్టించిన దిష్టి గుమ్మడికాయ వేలాడుతుంటుంది. నా తలకు జానెడు పైన. అతనికి సరిగ్గా నుదుటికి. మొదటిరోజే ఠప్పుమంది. ముఖాన పసుపు కుంకుమలతో లోపలికొచ్చిన ఆ మనిషిని చూసి, మా ఆవిడ హారతి పళ్లెం వెతికింది. రెండోరోజూ ఠప్పు. మూడోరోజు నేను స్టూలు తెచ్చాను.

"ఏందయ్యా ఇప్పేది? అమాస దాకా ముట్టద్దు. దిష్టంతా ఇంట్లకొస్తది!"

"గా పిలగాని తలకాయ పగుల్తాంది గదే!"

"ఊరి కండ్లన్నీ వాని మీదనే ఉన్నయ్. వంగి రమ్మను."

అమావాస్య మ్యాచ్ అయిన రెండు రోజులకు. స్టూలు లోపల పెట్టేశాను. ఇక అతనికి వంగడం నేర్పే పని నాది. సాయంత్రం గేటు చప్పుడు కాగానే "వంగు బిడ్డా!" అని అరిచేవాణ్ణి. వంగి లోపలికి రాగానే మా ఆవిడ "చాయ్!" అనేది, అతను నిటారుగా లేచి గ్లాసు అందుకునేవాడు. మూడు వారాలకు నేను అరవకుండానే వంగాడు. చాయ్ హోటల్ రేకు కింద వంగాడు, కరెంటు తీగ కింద వంగాడు, నెత్తిమీద ఆకాశం తప్ప ఏమీ లేని రోడ్డు మీద కూడా వంగాడు. నా చదువు చెప్పే తీరుకు నేనే మురిసిపోయాను.

ఆదివారం మా ఆవిడా నేనూ మ్యాచ్‌కు వెళ్లాం. బంతి అందగానే అతను దూసుకెళ్లాడు. రింగు కిందికి చేరాడు. ఠక్కున వంగాడు. బంతి ఎవడో లాక్కుపోయాడు. రెండోసారీ అంతే. కోచ్ నెత్తి పట్టుకున్నాడు.

వెనక వరసలో ఒకాయన నా భుజం తట్టాడు. "ఏం కాకా, గీన అమెరికా నుంచి దండం పెట్టనీకి వచ్చిండా?"

జవాబు తెలిసింది నాకొక్కడికే. ఒక మనిషి అన్నం మీద కొట్టానే అని కుంగిపోయాను.

మూడోసారి అతను రింగు కింద వంగేసరికి మా ఆవిడ లేచి నిలబడింది.

"చాయ్!"

అతను నిటారుగా లేచాడు. అడ్డుకోవడానికి ముందే ఎగిరిన ఇద్దరు అప్పటికే నేలకు దిగుతున్నారు. బంతి రింగులో పడింది. ఆ తర్వాత అతను వంగడం, ఈవిడ అరవడం. కాసేపటికి జనమంతా "చాయ్!" అని అరిచారు. జనంలో కెటిల్‌తో చాయ్ అమ్ముకునేవాడు మూడుసార్లు పరుగెత్తుకొచ్చి, మూడుసార్లూ తిట్టుకుంటూ వెళ్లాడు.

సీజనంతా ఉంచుకున్నారు. ఆ వంగుడు ఏ దేశంలో నేర్చుకున్నాడని కోచ్ అడిగాడట. అతను మా ఆవిడను పిలిచినట్టే "అవ్వ" అన్నాడట! మూడు వారాలు గొంతు చించుకున్నది ఎవరు?

మంగళవారం అమావాస్య. ఇక దెబ్బలు చాలునని కొత్త కాయను మూడు జానలు పైకి కట్టాను. సాయంత్రం అతను వచ్చాడు, వంగాడు, అనుమానంగా పైకి చూశాడు. "నో, బాపూ" అని చెయ్యి చాపి తాడు విప్పి, కాయను పాత ఎత్తులోనే కట్టాడు. ముడి సరిగా పడిందో లేదో చూద్దామని ఒకడుగు ముందుకేశాడు.

ఠప్పు.

లోపలినుంచి మా ఆవిడ గొంతు: "చాయ్!"