రోడ్డు దాటించే స్టేషన్

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇల్లు హైవేకి ఇటుపక్క, అమ్మ కూరగాయలు కొనే బజారు అటుపక్క. వచ్చే బస్సులకు చెయ్యి అడ్డం పెట్టి ఆమె రోడ్డు దాటుతుంటే బాల్కనీలో కళ్లార్పకుండా చూస్తున్న నా చేతిలో టీ చల్లారిపోయేది. ఎన్నిసార్లు కోప్పడ్డా వినలేదు.

మెట్రో స్టేషన్ వచ్చాక అమ్మ సంచీతో ఇటు లిఫ్టు ఎక్కుతుంది. పైన టికెట్ గేట్ల బయటి నుంచే నడిచి అటు లిఫ్టులో దిగుతుంది. ఇప్పుడామె బజారుకు పోతే నేను తీరిగ్గా టీ తాగుతున్నాను.

అమ్మ రైలు మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. మొన్న, "ఎల్బీనగర్ దాకా పోయొద్దామా అమ్మా?" అని అడిగాను.

"ఆడ నాకేం పని బిడ్డా? పైన గా రైళ్లెందుకో గని, రోడ్డు దాటనీకి మంచిగ కట్టిన్రు."