ఖైరున్ మామ్మ పూచీ

దయ్యాలని నేనెప్పుడూ నమ్మలేదు. నా అనుమానాలన్నీ బతికున్న మనుషుల మీదే. ఆటో ఎక్కితే ఏ మలుపు తిప్పుతున్నాడో చూస్తూ కూర్చుంటాను. ఫారం నింపితే ప్రతి గడీ మూడుసార్లు సరిచూస్తాను. అలాంటి నాకే ఇది జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మాది బందరు. ఏడాదిపాటు ఊళ్లు తిరుగుతూ, మధ్యలో దొరికిన పని చేసుకుంటూ ఉండడానికి ఆస్ట్రేలియా వాళ్లు ఇచ్చే వర్కింగ్ హాలిడే వీసాకి పేరు ఇచ్చాను. అది లాటరీ. ముప్పై ఒకటి నిండితే మళ్లీ పెట్టడానికి లేదు. నాకు ముప్పై నిండి అప్పటికే ఆరు నెలలు. లాటరీలో నా పేరు వచ్చింది. ఇక నెల తిరక్కుండా కాగితాలన్నీ పెట్టాలి. అందులో నా మీద కేసులేమీ లేవని పోలీసు సర్టిఫికెట్ ఒకటి.

విచారణకి కానిస్టేబుల్ వచ్చిన రోజు నేను పని చేసే కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాను. అమ్మ గుడివాడలో పిన్ని ఇంటికి వెళ్లింది. మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశారు.

“ఇంటికి తాళం ఉందమ్మా. ఇరుగుపొరుగు సంతకాలు తీసుకున్నాను. సాయంత్రం స్టేషన్‌కి వచ్చి మీరో సంతకం పెట్టేసి వెళ్లండి.”

వెళ్లాను. మొదటి సాక్షి ఎదురింటి కిరాణా కొట్టాయన. రెండోది ఉర్దూ సంతకం. నాకు ఉర్దూ రాదు గానీ ఆ సంతకం తెలుసు. పక్కింటి ఖైరున్ మామ్మది. నా మొదటి పాస్‌పోర్టుకీ సాక్షి ఆవిడే.

మామ్మ పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

ఈయన మా వీధికి రాకుండానే పాత కాగితం చూసి దించేశాడన్నమాట, అనుకున్నాను. దొంగ దొరికాడని లోపల కాస్త సంతోషం కూడా వేసింది. అంతలో ఆయన చొక్కా జేబులోంచి ఒక తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

“మర్చేపోయాను. పక్కింటి పెద్దావిడ మీకిమ్మన్నారు. తిరిగొచ్చాక తలుపు తీసుకోవాలి కదా అన్నారు.”

అది మా ఇంటి రెండో తాళంచెవి. దానికి ఎర్ర దారం కట్టింది నేనే. ఎప్పుడూ మామ్మ దగ్గరే ఉండేది. ఆవిడ పోయాక వాళ్లబ్బాయి బీరువాలన్నీ వెతికినా దొరకలేదు.

“ఏ ఇల్లండీ?” అన్నాను.

“ఆకుపచ్చ తలుపమ్మా. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నారు. మీ గురించి అడిగితే, పిల్ల ఏడాదికల్లా వచ్చేస్తది, నాది పూచీ అన్నారు. ఏం, ఏవన్నా తేడా ఉందా?”

ఆవిడ లేదని చెప్తే ఆ రిపోర్టు చెల్లదు. మళ్లీ విచారణ అంటే గడువు దాటిపోతుంది. “ఏం లేదండీ” అన్నాను. ఉర్దూ సంతకం కింద నా సంతకం పెట్టాను.

భయం కంటే సిగ్గు ఎక్కువైంది. మామ్మ పోయిన రోజు నేను విజయవాడలో ఈ వీసా కోసమే ఇంగ్లీషు పరీక్ష రాస్తూ ఫోన్ ఆపేసుకున్నాను. చివరి చూపు దక్కలేదు.

ఇంటికొచ్చి చూస్తే మామ్మ ఇంటి ఆకుపచ్చ తలుపుకి తుప్పు పట్టిన తాళం అలాగే ఉంది. దాని మీద సాలెగూడు కూడా చెదరలేదు. కిరాణా కొట్టాయన్ని అడిగాను.

“ఆ గుమ్మం ముందు కాసేపు నుంచున్నాడమ్మా. వొంగి మాట్లాడుతుంటే ఫోనేమో అనుకున్నా” అన్నాడు.

మామ్మ కొడుకు బంటుమిల్లిలో రొయ్యల చెరువుల దగ్గర ఉంటాడు. ఆ రోజు రొయ్యలు పట్టే పని, గట్టు దిగలేదన్నాడు. చివరికి, తాళంచెవి దాచి ఇదంతా ఆడించిందేమోనని అమ్మనీ అనుమానించాను. కానీ నా ప్రయాణం అమ్మకి బొత్తిగా ఇష్టం లేదు. దాచాలనుకుంటే పాస్‌పోర్టే దాచేది.

వీసా వచ్చింది. ఇప్పుడు ఇక్కడ ఒక తోటలో మామిడికాయలు పెట్టెల్లో సర్దుతున్నాను. నాతో వచ్చినవాళ్లంతా రెండో ఏడాదికి పెట్టుకుంటున్నారు. ఉండిపోవాలని నాకూ ఉంది. ముప్పై ఒకటి నిండడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి, పెట్టుకోవచ్చు. ఫారం తెరిచి, సగం నింపి మూసేశాను.

ఆ మధ్యాహ్నం గుమ్మంలో కూర్చున్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎన్ని రకాలుగా అనుమానించినా ఆ తాళంచెవి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. కానీ ఎవరో నా తరఫున మాట ఇచ్చారు.

తిరుగు టికెట్ తీసుకున్నాను. తేదీ మూడుసార్లు సరిచూశాను. ఏడాదికి ఒక రోజు ముందే ఉంది.