కొల్లేటి వైపు తిరిగిన గొట్టం

పాత రేడియో వేడెక్కితే వచ్చే వాసన తెలుసా మీకు? దుమ్ము కాలి, లక్క కరుగుతున్నట్టు, కాస్త ఘాటుగా, కాస్త తియ్యగా ఉంటుంది. మొన్న కొల్లేటి నడుమనున్న మా లంకలో, ఏళ్ల తరబడి గబ్బిలాలకు వదిలేసిన రేడియో గదికి తాళం తీశారని తెలిసి వెళ్లాను. కొత్త సున్నం వాసన దాటి లోపలికి అడుగుపెట్టేసరికి, బాగుచేసిన పెట్టెను ఎవరో అప్పుడే వెలిగించి ఉన్నారు. ఆ వాసన తగిలిందో లేదో, తాడేపల్లిగూడెంలో పిల్లలకు లెక్కలు చెప్పే ఇంత మనిషినీ గుమ్మంలోనే పరికిణీ కట్టిన పిల్లనైపోయాను.

గది అంటే నిజంగా గదే, ఒక్క తలుపు, ఒక్క కిటికీ, పైన డాబా. కానీ చుట్టూ తాటాకిళ్లున్న లంకలో అది మాకు రాజుగారి కోటతో సమానం. డాబా మీద పాత ఎడ్లబండి చక్రమొకటి పడుకోబెట్టి, దాని మీద మైకు గొట్టం బిగించారు. చక్రాన్ని తిప్పితే గొట్టం కూడా ఏ వైపు కావాలంటే ఆ వైపు తిరిగేది. బ్యాటరీ అయిపోతే పసిబిడ్డకు కప్పినట్టు గోనెపట్టా కప్పి, దోనెలో ఒడ్డుకు చేర్చి, బస్సులో ఏలూరు తీసుకెళ్లి ఛార్జింగు పెట్టించుకొచ్చేవారు. అది తిరిగొచ్చేదాకా లంకంతా మూగపోయినట్టుండేది, పెద్దవాళ్లకు ఊరికే కోపాలొచ్చేవి.

పొద్దువాలితే జనమంతా ఆ గది ముందరే. వానాకాలం తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన ఎర్రనీళ్లు అరుగుల దాకా వచ్చినా గోనెసంచులు నెత్తిన కప్పుకుని నిలబడేవాళ్లం. చలికాలం కిక్కిస గడ్డి నెగడు వేసి, తంపట పెట్టిన చిలగడదుంపలు ఊదుకుంటూ తినేవాళ్లం. చవితికి సుబ్బారాయుడుగారింటి కుడుములూ, క్రిస్మస్‌కు మా ఇంటి అరిసెలూ ఆ అరుగు మీదే చేతులు మారేవి. బొప్పాయికాడ బూరాలూదుతూ పిల్లలం మా వార్తలు మేం చదువుకునేవాళ్లం. వార్తలాయన "నమస్కారం" అనగానే మా నాయనమ్మ కొంగు సర్దుకుని, "ఆయ్, నమస్కారమండీ, భోంచేశారా?" అని పలకరించేది. ఆయన పలకకుండా వార్తల్లోకి వెళ్లిపోతే, "పాపం, పనిమీదున్నారు" అని సర్దిచెప్పుకునేది. తాతయ్యైతే చుట్ట నోట్లోంచి తీసి ఆయనతో తగువులాడేవాడు.

అసలు వింత ఇది కాదు. మా నాన్న అక్క, సువార్తత్త, చర్చిలో పాడితే అవతలి లంకలో కొంగలు లేచేవని చెప్పుకునేవారు. వాయుగుండం కబురు రేడియోలో రాగానే ఆ గది చూసుకునే గుమాస్తాగారు అత్తకు మనిషిని పంపేవారు. మగవాళ్లు చేపలకు ఎటు వెళితే గొట్టాన్ని అటు తిప్పి, అత్త మైకు ముందు నిలబడి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచేది. విన్నవాడు దోనె తోసే గెడతో దాని అంచు మీద టక్ టక్ మని కొట్టాలి. దూరపు దోనె చప్పుడును దగ్గరి దోనె అందుకుని ఒడ్డుకు చేరవెయ్యాలి. ఆఖరి మనిషి పలికేదాకా అత్త మైకు వదలదు, లంకలో ఏ ఇంటా పొయ్యి వెలగదు. అదీ కట్టుబాటు.

ఒక సాయంత్రం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆకు కదలడం లేదు, ఆకాశం రాగిచెంబు రంగుకు తిరిగింది, నీళ్లు నూనెలా నిలిచిపోయాయి. "సుబ్బారాయుడూ...!" టక్ టక్. "ఏసుదాసూ...!" టక్ టక్. పేర్లన్నీ అయ్యాయి, మా నాన్న ఒక్కడే మిగిలాడు. "దానియేలూ...! తమ్ముడా, దానియేలూ...!" ఆ కేక నీళ్ల మీద అలా సాగిపోతుంటే, ఇంత గొంతు మా అత్తలో ఎక్కడ దాగుందా అని నాకు ఒళ్లు జలదరించింది. అమ్మ పొయ్యి ముందు అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుంది, గీయడం లేదు. అత్త పిలుస్తూనే ఉంది, పిలుస్తూనే ఉంది. ఎంతసేపటికో, ఎంత దూరం నుంచో, చెవిలో చీమ నడిచినంత సన్నగా, టక్ టక్. అత్త కళ్లు తుడుచుకుని మైకులోనే చెప్పింది: "అందరూ పలికారండీ. ఇంక పొయ్యిలు ఎలిగించుకోండి." దేవుడు కూడా ఆ డాబా మీదే ఉంటాడని ఆ పూట గట్టిగా నమ్మాను.

ఇప్పుడా గదిని పడవల్లో వచ్చే యాత్రికులకు చూపిస్తారట. లోపల పాత పెట్టె, గోడల మీద ఫొటోలు, బయట తాటిదోనె, పక్కనే గెడ. బాగుచేయించిన కుర్ర ఇంజనీరు మంచివాడే, వెతికి వెతికి ఆ బండిచక్రం కూడా తెచ్చి పెట్టాడు. కానీ గొట్టాన్ని మాత్రం రేవు వైపు తిప్పి వెల్డింగు చేయించేశాడు. ప్రారంభానికి మైకులో నాలుగు మాటలు చెప్పమని అత్తను పిలిస్తే, కర్ర పొడుచుకుంటూ వచ్చి పైకి చూసి, మాట్లాడనంటే మాట్లాడనంది.

"రేవు వైపుంటేనే కదండీ మామ్మగారూ, వచ్చేవాళ్లకు వినపడేది?" అన్నాడతను.

"రేవులో దిగినోడు వచ్చేసినోడే కదండీ బాబూ. రానోడినే కదా పిలవాలి!"

అత్తకు గొంతు జీరబోయింది, వయసు మీదపడింది. ఈ పూట పిలవకపోతే మరింకెప్పుడూ పిలవలేకపోవచ్చు. ఆ అబ్బాయి కాసేపు తల గోక్కుని, ఆ వెల్డింగు కోయించి, చక్రం తిప్పించాడు. కిర్రుమంటూ గొట్టం కొల్లేటి వైపు తిరిగింది. తిరిగిందే గానీ, అటు కొల్లేరెక్కడుంది? చూపు ఆనినంత మేరా చేపల చెరువుల గట్లూ, గుర్రపుడెక్కా. దోనెలు లేవు, వాటిలోని మనుషులూ లేరు.

అత్త గదిలోకి వెళ్లి మైకు పట్టుకుంది. సుబ్బారాయుడినీ, ఏసుదాసునూ, మట్టిలో కలిసిపోయిన వాళ్లందరినీ వరసన పిలిచింది. చివరికి, "తమ్ముడా, దానియేలూ..." అంది, ఆగింది. నాన్న పోయి ఎన్నో ఏళ్లయింది. మళ్లీ పిలిచింది. రిబ్బను కత్తిరించడానికొచ్చిన పెద్దమనిషి వాచీ చూసుకున్నాడు. పలుకు వినకుండా అత్త మైకు దించదు, పాతవాళ్లెవరూ మిగలని ఆ జనంలో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

బయటకొచ్చి, తాటిదోనె పక్కనున్న గెడ తీసి, అంచు మీద కొట్టాను. టక్ టక్.

అత్త ఇటు తిరిగి చూడలేదు. కొల్లేటి వైపే చూస్తూ, జీరగొంతుతో మైకులో చెప్పింది: "అందరూ పలికారండీ. ఇంక పొయ్యిలు ఎలిగించుకోండి."