గ్రీజు వంశం తేలేదాకా

ఆయన లిఫ్టుల మెకానిక్కు. పదిహేను అపార్ట్‌మెంట్లకు ఆయనే దిక్కు. తోటి పనివాళ్లు ఆయన్ని 'రెండుసార్లు' అని పిలిచేవాళ్లు. మెయిన్ స్విచ్చి తీసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నాక కూడా, టెస్టరుతో ఒకసారి, మీటరుతో ఒకసారి చూసుకుంటేగానీ తీగ ముట్టుకోడు. ఊరికే వచ్చిన అలవాటు కాదది. పని నేర్చుకునే రోజుల్లో పైనున్న మేస్త్రి "కరెంటు తీసేశా, చెయ్యి పెట్టు" అన్నాడు. ఈయన పెట్టాడు. మేస్త్రి తీసింది పక్క లిఫ్టు స్విచ్చి. ఎడమచేతి చివరి రెండు వేళ్లు కప్పీలో పోయాయి.

కుక్క కూడా ఆయనకు లిఫ్టు కిందే దొరికింది. ఒక పాత బిల్డింగులో, లిఫ్టు గుంట అడుగున, ఒళ్లంతా జిడ్డు పూసుకుని మూలుగుతున్న పిల్ల. స్పానర్ల సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. "సబ్బు అరిగిపోయింది గానీ దీని రంగేమిటో తేలలేదు" అంది భార్య. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మూడో స్నానానికి తేలింది. ఒళ్లంతా నలుపు, మెడ చుట్టూ తెలుపు, ఒక కన్ను గోధుమరంగు, ఒకటి లేత నీలం. గ్రీజు అని పేరు పెట్టి, కుట్టుమిషను కింద చోటిచ్చారు.

మూడో ఏట గ్రీజుకు వెంట్రుకలు రాలడం మొదలైంది. ముందు కళ్ల చుట్టూ, తర్వాత మెడ, పొట్ట. గోకీ గోకీ చర్మం పుండైపోయింది. డాక్టరమ్మ చర్మం గీకి, మైక్రోస్కోపులో చూసి చెప్పింది.

"లోపల కంటికి కనపడని పురుగులున్నాయి. రోజూ వేసే మాత్ర ఒకటుంది, బాగా పనిచేస్తుంది. కాకపోతే గొర్రెలు కాసే జాతి కుక్కల్లో కొన్నిటికి పుట్టుకతో ఒక లోపం ఉంటుంది. వాటికి ఈ మందు మెదడుకెక్కి ప్రాణం మీదికి వస్తుంది. ఆ నీలం కన్ను, ఆ తెల్ల మెడ చూస్తే నాకు అనుమానంగా ఉంది."

"వేరే మాత్రలు లేవా?"

"ఉన్నాయి. దీనికి చిన్నప్పుడు మూర్ఛ వచ్చిందన్నారుగా, అవి మళ్లీ మూర్ఛ తెప్పిస్తాయేమోనని వేయడానికి నాకు ధైర్యం చాలట్లేదు. ఒక పని చేయండి. ఇంటికే పరీక్ష పెట్టె వస్తుంది. బుగ్గ లోపల పుల్లతో రుద్ది పంపితే దీని తాతముత్తాతలెవరో చెబుతారు, ఆ లోపం సంగతీ చెబుతారు. అందాకా గంధకం నీళ్లతో స్నానం చేయించండి."

పెట్టె వచ్చింది. ముప్పై సెకన్లు రుద్దమని కాగితంలో రాసుంది. గ్రీజు పెదవులు పగిలి రక్తం కారుతోంది. పుల్ల లోపలికి పెట్టగానే అది ఏడ్చింది. ఆయన పదికల్లా తీసేశాడు. తీసేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా పోస్టులో వేశాడు.

మూడు వారాలకు జవాబొచ్చింది. నమూనా చాలలేదు, ఇంకో పెట్టె పంపుతున్నాం.

అప్పటికి గ్రీజు తిండి మానేసింది. గంధకం నీళ్లతో ఇల్లంతా కుళ్లిన గుడ్ల వాసన. బట్టలు ఇవ్వడానికి వచ్చిన వాళ్లు గుమ్మం దగ్గరే ముక్కు మూసుకుంటున్నారు. ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. మందుల షాపులో పనిచేస్తాడు, అన్నీ తెలిసినవాడు. జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదే మందు బావా. రోజూ ఎంతమందో కొనుక్కుపోతారు, ఏ కుక్కా పడిపోలేదు. ఇది వీధికుక్క. దీనికి వంశమేమిటి, తాతముత్తాతలేమిటి?"

"కుక్క పడిపోయినవాళ్లు వచ్చి నీకు చెబుతారా?"

"అక్కా, నువ్వైనా చెప్పు."

ఆవిడ మిషను ఆపింది. "ఏవండీ, పురుగులు చంపకపోయినా మీ అనుమానం చంపేలా ఉంది దాన్ని. మీ చేతికి జరిగిందని ప్రపంచంలో అందరూ పక్క స్విచ్చే తీస్తారా?"

ఆ మాట ఆవిడ అంతకుముందెప్పుడూ అనలేదు. ఆయన ఒక మాత్ర తీసి, రొట్టెముక్కలో నొక్కి, గ్రీజు ముందు కూర్చున్నాడు. అది తల ఎత్తి వాసన చూసింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచింది. ఆయన రొట్టెముక్క అందకుండా పిడికిలి బిగించాడు.

"పోయినసారి సరిగ్గా రుద్దలేదు నేను. పదికే తీసేశా. తప్పు నాదే. ఈసారి నువ్వు పట్టుకో" అన్నాడు భార్యతో.

బావమరిది చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. రెండో పెట్టె వచ్చిన రోజు ఆవిడ గ్రీజు తల ఒళ్లో పెట్టుకుని పైకే లెక్కపెట్టింది. అది ఏడుస్తున్నా ముప్పై దాకా ఆపలేదు.

మళ్లీ మూడు వారాలు. ఆయనే ఇన్ని పాలు చెంచాతో పట్టేవాడు. ఫలితం వచ్చేసరికి ఆయన ఎనిమిదో అంతస్తులో, లిఫ్టు కేబిన్ మీద ఉన్నాడు. భార్య ఫోన్‌లో చదివింది.

"ముత్తాతల్లో ఒకటి గొర్రెలు కాసే జాతట. డాక్టరమ్మ అన్నది నిజమే. మిగతావి తొమ్మిది రకాలు రాశారు, నాకు నోరు తిరగట్లేదు."

"కింద చూడు. లోపం?"

"లేదు. లేదని రాసుంది."

ఆయనకు సంతోషం రాలేదు. మొదటి రోజే మాత్ర వేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఏడు వారాలు దాన్ని ఊరికే కాల్చుకు తిన్నానన్న మాటే మనసులో తిరిగింది.

మందు మొదలైన రోజు ఆయన పనికి సెలవు పెట్టి, గ్రీజు కాళ్లు తడబడతాయేమోనని పొద్దుగూకే దాకా దాని వెనకే తిరిగాడు. తడబడలేదు. పది రోజులకు గోకడం తగ్గింది. నెలకు కళ్ల చుట్టూ నల్లటి నూగు లేచింది.

బావమరిది వచ్చి చూసి, "నేను చెప్పలేదా?" అన్నాడు.

ఆయన నోరెత్తకముందే ఆవిడ అంది. "చెప్పావురా. తెలిసి చెప్పలేదు. కూర్చో, టీ పెడతా."

మెడ మీద మాత్రం అరచేతిమేర వెంట్రుకలు మళ్లీ రాలేదు. పనికి వెళ్లే ముందు ఆయన రోజూ అక్కడ నూనె రాస్తాడు.

"అది ఎప్పుడో మర్చిపోయింది. మీరూ మర్చిపోండి" అంది భార్య ఒకరోజు.

"అది మర్చిపోయిందని నీకెవరు చెప్పారు?" అన్నాడాయన, సీసా మూత పెడుతూ.